ఆర్కెస్ట్రా కండక్టర్ అవుతానంటున్న కొడుకు గురించి అడిగిన తండ్రికి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. మీ అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఆరేళ్లుగా కీబోర్డు నేర్చుకుంటున్నాడు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో పేరుమోసిన కండక్టర్ జుబిన్ మెహతా వీడియోలు చూసి చూసి, ఇంజనీరింగ్ వద్దు, ఆర్కెస్ట్రా కండక్టర్ అవుతాను అంటున్నాడు. వాయించేవాళ్లందరి ముందూ స్వరాలు రాసిన నోట్స్ ఉన్నాయి కదా, మరి కర్ర పట్టుకుని నిలబడే ఆయన ఏం చేస్తున్నట్టు అన్నది మీ మొదటి సందేహం. ఆ పని మీద బతకగలడా అన్నది రెండోది.

ముందు సూటిగా చెప్పేస్తాను. కండక్టర్‌ది ఉత్తుత్తి పని కాదు. అందులో ఎక్కువ భాగం కచేరీకి ముందే అయిపోతుంది కాబట్టి మన కంటికి కనిపించదు, అంతే. ఇక బతుకుతెరువు సంగతి: మన దేశంలో ఉండి, ఇంకే పనీ చెయ్యకుండా, కేవలం కండక్టింగ్ మీద సంసారం నడిపేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టే అంతమంది. యూరప్‌లో, అమెరికాలో దారి ఉంది. కానీ అది పొడవైన దారి, ముప్పై ఏళ్లొచ్చినా స్థిరపడలేదేమని ఇంట్లోవాళ్లు బెంగ పెట్టుకోకూడని దారి. అందుకని ఇప్పుడే కండక్టింగ్ కోర్సులు వెతక్కండి. ఒక వాద్యం గట్టిగా పట్టించండి, పదిమందితో కలిసి వాయించే చోట కూర్చోబెట్టండి. మీ అబ్బాయి కోరికను కొట్టిపారెయ్యడానికి చెప్తున్న మాట కాదిది. కండక్టర్లు అయినవాళ్లు దాదాపు అందరూ నడిచిన దారే ఇది.

నా గురించి కొంచెం. నేను సికింద్రాబాద్‌లో చర్చి కాయిర్‌లో పెరిగాను, వయొలిన్ నేర్చుకున్నాను. తొమ్మిదేళ్లు చెన్నైలో సినిమా రికార్డింగులకి స్ట్రింగ్స్‌లో, అంటే వయొలిన్ లాంటి తీగ వాద్యాల బృందంలో, వాయించాను. తర్వాత హైదరాబాద్ వచ్చి 24 ఏళ్లుగా ఒక కాయిర్, దాంతోపాటు ఒక చిన్న స్ట్రింగ్ ఆర్కెస్ట్రా నడుపుతున్నాను. పిల్లలకి థియరీ చెప్తాను. పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాల ముందు నిలబడ్డవాణ్ని కాదు. కానీ ఈ పని బయటినుంచి ఎలా కనిపిస్తుందో, లోపల ఎలా ఉంటుందో రెండూ తెలుసు.

ఆ చెయ్యి ఏం చెప్తుంది?

మన కచేరీతో పోల్చి చెప్తే తొందరగా అర్థమవుతుంది. గాయకుడు తొడ మీద తాళం వేస్తాడు. మృదంగం ఆయనా, వయొలిన్ ఆయనా ఆ చేతిని ఓ కంట చూస్తూనే ఉంటారు. ఆ చెయ్యి ఇప్పుడు మనం ఏ అక్షరం మీద ఉన్నామో చెప్తుంది. దెబ్బ పడటం, అక్షరం రావడం ఒకేసారి. కండక్టర్ చెయ్యి అలా కాదు. అది రాబోయేదాన్ని చెప్తుంది. ఆయన చెయ్యి పైకి లేస్తున్నప్పుడే, ఎంత వేగంతో లేచింది, ఎంత బరువుగా లేచింది అన్నదాన్ని బట్టి తర్వాతి స్వరం ఎప్పుడు రావాలి, ఎంత గట్టిగా రావాలి, మెత్తగా మొదలవ్వాలా కొట్టినట్టు మొదలవ్వాలా అన్నది వాయించేవాళ్లకి తెలిసిపోవాలి. ఆ ముందస్తు కదలికనే అప్‌బీట్ అంటాం. మిగతాదంతా, అంటే నాలుగు బీట్లకి కిందికి, ఎడమకి, కుడికి, పైకి అని గీసే బొమ్మ, ఒక మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు. అప్‌బీట్ నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది.

బీతోవెన్ ఐదో సింఫనీ మొదలు మీరు వినే ఉంటారు: ట-ట-ట-టా. మూడు పొట్టి స్వరాలు, ఒక పొడుగు స్వరం. స్ట్రింగ్స్, క్లారినెట్లు అందరూ కలిసి అదే వాయిస్తారు. వినడానికి అంతకన్నా సులువైంది లేదనిపిస్తుంది. కానీ స్కోరు, అంటే అన్ని వాద్యాల స్వరాలూ ఒకేచోట రాసిన పుస్తకం, తెరిచి చూస్తే ఆ మొదటి ‘ట’కి ముందు ఒక చిన్న విరామం రాసి ఉంటుంది. అక్కడ ఒక్కో కొలతకి, అంటే బార్‌కి, రెండు బీట్లు. మొదటి కొలతలో మొదటి బీటు తల మీద నిశ్శబ్దం. అంటే కండక్టర్ చెయ్యి కిందికి పడేది నిశ్శబ్దం మీద. ఆ వెంటనే, రెప్పపాటులో, నలభై యాభై మంది ఒక్క మనిషిలా అందుకోవాలి. చెయ్యి ఏ కాస్త తటపటాయించినా ఆ మూడు స్వరాలు రేకు మీద వాన చినుకుల్లా పడతాయి. పైగా ఆ నాలుగో స్వరం మీద ఫెర్మాటా ఉంటుంది, అంటే ఎంతసేపు ఆపాలన్నది కండక్టర్ ఇష్టం. ఎక్కడ వదలాలి, వదిలే కదలికే మళ్లీ అందుకునే కదలిక అవ్వాలా, మధ్యలో ఊపిరి ఇవ్వాలా? ఆ మొదటి ఐదు కొలతలు దాటడమే ఒక పరీక్ష.

నాకు ఈ సంగతి పుస్తకంలో కాదు, అవమానంలో తెలిసింది. నేను మొదటిసారి నిలబడింది 24 మంది ఔత్సాహికుల ముందు. స్కోరంతా కంఠతా పట్టాను. చెయ్యి ఎత్తాను, దింపాను. సగంమంది ఒక వేగంలో, సగంమంది ఇంకో వేగంలో మొదలుపెట్టారు. ఆపాను. మళ్లీ ఎత్తాను, మళ్లీ అంతే. మూడోసారి కూడా అలాగే అయ్యేసరికి నా చొక్కా తడిసిపోయింది. చెల్లో, అంటే మోకాళ్ల మధ్య నిలబెట్టుకునే పెద్ద వయొలిన్ లాంటిది, వాయించే ఒక పెద్దాయన, రైల్వేలో రిటైరైన మనిషి, బో (కమాను) ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా అన్నారు: "బాబూ, మీరు ఊపిరి తీసుకోవట్లేదు. మీరు తీసుకుంటే మేమూ తీసుకుంటాం." నాలుగోసారి చెయ్యి ఎత్తుతూ, పాడబోయేవాడిలా ముక్కుతో ఊపిరి లోపలికి పీల్చాను. అందరూ ఒక్కసారిగా అందుకున్నారు. ఇప్పటికీ నా దగ్గరికి వచ్చే పిల్లలకి మొదటి నెల ఇదే నేర్పిస్తాను. కర్ర ఇవ్వను. ఊపిరి తీసుకుని చేత్తో ఒక్క స్వరం ఇప్పించమంటాను.

ఇంకోటి కూడా ఉంది. శబ్దం ఒక మీటరు రావడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. వేదిక వెనక 15 మీటర్ల దూరంలో కూర్చున్న ట్రంపెట్ ఆయన ముందు వరస వయొలిన్లని విని దాన్ని బట్టి వాయిస్తే, ఆ శబ్దం ఆయన్ని చేరేసరికే ఆలస్యం అవుతుంది, ఆయన వాయించింది ముందుకి వచ్చేసరికి ఇంకా ఆలస్యం. అందుకే వెనక వరసలవాళ్లు చెవిని కాదు, కంటిని నమ్ముకోవాలి. చిన్న బృందం, పది పన్నెండు మంది అయితే కండక్టర్ లేకుండానే బ్రహ్మాండంగా వాయించొచ్చు. ఎనభై మంది అయ్యారంటే ఒక చెయ్యి కావాలి.

కనపడని పని: స్కోరు చదవడం

వాయించేవాళ్ల ముందు నోట్స్ ఉన్నాయి కదా అన్నారు. ఉన్నాయి, కానీ ఎవరి ముందు వాళ్లదే ఉంటుంది. రెండో ఫ్లూట్ ఆమె కాగితంలో రెండో ఫ్లూట్ మాత్రమే ఉంటుంది. మొత్తం కనిపించేది కండక్టర్ ముందున్న స్కోరులోనే. ఒకదాని కింద ఒకటి పదిహేను, ఇరవై వరసలు. అందులోనూ చిక్కులుంటాయి. వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది) వేరే క్లెఫ్‌లో ఉంటుంది, అంటే ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు వేరు. బీ ఫ్లాట్ క్లారినెట్ రాసినదానికన్నా ఒక స్వరం కిందికి పలుకుతుంది. ఎఫ్ హార్న్ అయితే రాసినదానికన్నా ఐదో స్వరం అంత కిందికి. కండక్టర్ కన్ను వీటన్నిటినీ కలిపి ఒకే శబ్దంగా వినగలగాలి. ఎవరూ వాయించకుండానే, గదిలో కుర్చీలో కూర్చుని.

నేను ఒక అరగంట రచనకి కనీసం రెండు నెలలు ఇస్తాను. మొదట పియానో మీద వరసలు విడివిడిగా వాయించుకుంటాను. తర్వాత ప్రతి గీతనీ గొంతుతో పాడతాను, నాకు అందకపోయినా సరే. తర్వాత పెన్సిల్ పట్టుకుని వాక్యాలు విడగొడతాను: ఇక్కడ నాలుగు కొలతలు, ఇక్కడ నాలుగు, ఇక్కడ ఆరు, ఎందుకు ఆరు? చివరికి నిర్ణయాలు. మోజార్ట్ 40వ సింఫనీనే తీసుకోండి, 1788లో రాసింది. అందరికీ తెలిసిన ఆ వయొలిన్ పాట వెంటనే మొదలవదు. ముందు వయోలాలు రెండు భాగాలుగా చీలి, గుసగుసగా ఒక కదలిక మొదలుపెడతాయి. పాట దాని మీదికి వచ్చి వాలుతుంది. ఆ గుసగుస వినపడాలా, అది ఉన్నట్టే తెలియకూడదా? కంగారుగా ఉండాలా, ప్రశాంతంగా ఉండాలా? కాగితం మీద మెత్తగా అని మాత్రమే ఉంది. మిగతాది నిర్ణయించాల్సింది కండక్టరే. నా దగ్గర అప్పట్లో వయోలాలు ముగ్గురే. ఇద్దరు పై గీత, ఒకరు కింది గీత. కింది గీత వాయించే అమ్మాయి ఒంటరిగా ఉన్నానని భయపడి మరీ మెల్లగా వాయించేది. ఆమెని ముందుకి, నా ఎడమ చేతికి దగ్గరగా మార్చాను. ఇంకేమీ చెప్పలేదు. రిహార్సల్‌లో సగం సమస్యలు ఇలా కుర్చీ జరిపితే పోతాయి.

రిహార్సల్ అనేది ఇంకో విద్య. చెన్నైలో నేను స్ట్రింగ్స్‌లో కూర్చున్న రోజుల్లో ఒక కండక్టర్ గారు ఉండేవారు. ముప్పై మంది వాయిస్తుంటే టక్కున ఆపి, "మూడో డెస్కు, లోపలివైపు కూర్చున్నవాళ్లు, అది నాచురల్ కాదు, ఫ్లాట్" (అర మెట్టు కింది స్వరం) అనేవారు. పేరు పెట్టి పిలిచేవారు కాదు, విసుక్కునేవారు కాదు. ఎవరు, ఎక్కడ, ఏమిటి: మూడు ముక్కలు, మళ్లీ చెయ్యి పైకి. స్టూడియో గంటలకి డబ్బు కడుతున్నారు, ఉపన్యాసాలకి చోటు లేదు. నేను ఇప్పటికీ ఆయన పద్ధతే పాటిస్తాను. అమెరికాలోనూ యూరప్‌లోనూ ఒక కార్యక్రమానికి మహా అయితే మూడు నాలుగు రిహార్సల్స్ ఇస్తారు. ఎదురుగా కూర్చున్నవాళ్లు అదే సింఫనీని మీకంటే ఎక్కువసార్లు వాయించి ఉంటారు. కొత్త కండక్టర్‌కి పని తెలుసో లేదో వాళ్లకి పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

మీ అబ్బాయి చూస్తున్న మనిషి ఎలా పైకొచ్చాడు

జుబిన్ మెహతా వీడియోల్లో కనిపించేది అరవై ఏళ్ల పని తర్వాతి మనిషి. మొదలు ఎలా జరిగిందో మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే నేర్చుకోవాల్సింది అక్కడే ఉంది.

ఆయన 1936 ఏప్రిల్ 29న బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో పుట్టారు. తండ్రి మెహ్లీ మెహతా వయొలిన్ విద్వాంసుడు, బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రాని నెలకొల్పిన మనిషి. అంటే ఈ పిల్లాడికి ఆర్కెస్ట్రా అనేది టికెట్ కొని చూసే వింత కాదు, నాన్న రోజూ చేసే పని. మీకు ఊరట కలిగించే విషయం ఒకటి: ఇంట్లో ఆయన్నీ డాక్టర్ని చెయ్యాలనుకున్నారు. మెడిసిన్ చదువు దారిలో కొంతకాలం నడిచి, అది తనది కాదనుకుని, 1954లో పద్దెనిమిదేళ్లకి వియన్నా వెళ్లారు.

అక్కడ హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర కండక్టింగ్ నేర్చుకున్నారు. కానీ దాంతోపాటు డబుల్ బేస్ నేర్చుకుని ఆర్కెస్ట్రాలో కూర్చుని వాయించారు. ఇది చిన్న విషయం కాదు. వెనక వరసలో, అందరికన్నా పెద్ద వాద్యం పట్టుకుని కూర్చున్నవాడికి ఆర్కెస్ట్రా మొత్తం కిందనుంచి వినిపిస్తుంది. ఏ కండక్టర్ చెయ్యి స్పష్టంగా ఉంది, ఎవరిది లేదు అన్నది ఒళ్లంతా తెలుస్తుంది. ఇంకో పని కూడా చేశారు. సహాధ్యాయి క్లాడియో అబ్బాడోతో కలిసి వియన్నాలోని పెద్ద కాయిర్‌లో చేరారు. అలా చేరితే మహామహుల రిహార్సల్స్ లోపలినుంచి చూడొచ్చు కదా. ఆ ఇద్దరూ తర్వాత ప్రపంచంలోని గొప్ప కండక్టర్లలో ఇద్దరయ్యారు. పాఠం చెప్పించుకోవడానికి కాదు, పని జరుగుతుంటే చూడటానికి కాయిర్‌లో నిలబడి పాడారు.

1956లో హంగరీలో తిరుగుబాటు అణిచివేత తర్వాత శరణార్థులు ఆస్ట్రియాకి తరలివచ్చారు. మెహతా తోటి విద్యార్థులని పోగుచేసి ఒక ఆర్కెస్ట్రా కట్టి, వియన్నా బయట శరణార్థి శిబిరంలో కచేరీ చేశారు. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్లు. నా విద్యార్థులకి నేను ఎక్కువసార్లు చెప్పేది ఇదే. పియానో వాద్యకారుడికి పియానో ఇంట్లో ఉంటుంది. కండక్టర్ వాద్యం మనుషులు. వాళ్లు ఇంట్లో ఉండరు. ఎవరో పిలిచి ఒక ఆర్కెస్ట్రా చేతికివ్వరు. మొదట్లో వాళ్లని మనమే పోగుచేసుకోవాలి.

1958లో లివర్‌పూల్‌లో జరిగిన కండక్టర్ల పోటీలో మొదటి బహుమతి వచ్చింది. దాంతో అక్కడి ఆర్కెస్ట్రాలో ఏడాది అసిస్టెంట్‌గా అవకాశం దొరికింది. అసలు మలుపు ఆ తర్వాత. 1960, 61 సంవత్సరాల్లో వేరేవాళ్ల బదులు నిలబడే అవకాశాలు వరసగా వచ్చాయి. మాంట్రియల్‌లో ఇగోర్ మార్కెవిచ్ రాలేకపోతే ఈయన. లాస్ ఏంజెలెస్‌లో ఫ్రిట్జ్ రైనర్ రాలేకపోతే ఈయన. ఇజ్రాయెల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాకి యూజీన్ ఓర్మండీ బదులు ఈయన. 1961లో మాంట్రియల్‌కి, 1962లో, 26 ఏళ్లకి, లాస్ ఏంజెలెస్‌కి మ్యూజిక్ డైరెక్టర్ (సినిమావాళ్లు అనే అర్థంలో కాదు, ఆర్కెస్ట్రాకి ప్రధాన కండక్టర్) అయిపోయారు. అమెరికన్ కండక్టర్ లెనర్డ్ బెర్న్‌స్టైన్ కథ కూడా ఇలాంటిదే. 1943 నవంబర్ 14న న్యూయార్క్‌లో బ్రూనో వాల్టర్‌కి జబ్బు చేస్తే, రిహార్సల్ కూడా లేకుండా నిలబడి ఒక్క మధ్యాహ్నంలో దేశమంతా తెలిసిపోయారు.

చాలామంది దీన్ని అదృష్టం అంటారు. నేను ఒప్పుకోను. ఎవరో రాలేకపోవడం అదృష్టమే. కానీ ఫోన్ వచ్చిన రోజుకి ఆ రచన స్కోరు అప్పటికే తలలో ఉండటం అదృష్టం కాదు. ఎవరూ అడగకుండానే, ఏ కచేరీ చేతిలో లేకుండానే, గదిలో కూర్చుని పదుల కొద్దీ స్కోర్లు చదివిపెట్టుకున్నవాడే ఆ ఫోన్‌కి సరే అనగలడు.

తర్వాతి బతుకు ఒక పట్టిక వేస్తే తల తిరుగుతుంది. లాస్ ఏంజెలెస్‌లో 1978 వరకు. న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో 1978 నుంచి 1991 వరకు. ఫ్లోరెన్స్‌లో 1985 నుంచి ముప్పై ఏళ్లకి పైగా. మ్యూనిక్‌లో బవేరియన్ స్టేట్ ఒపెరా 1998 నుంచి 2006. వీటన్నిటి పక్కనా ఇజ్రాయెల్ ఫిల్‌హార్మోనిక్‌తో యాభై ఏళ్ల బంధం, 2019లో విరమించేదాకా. వియన్నా ఫిల్‌హార్మోనిక్ కొత్త సంవత్సరం కచేరీ ఐదుసార్లు. 1981లో పండిట్ రవిశంకర్ రెండో సితార్ కంచెర్టో (సితార్‌కి ఆర్కెస్ట్రా తోడుగా రాసిన రచన) న్యూయార్క్‌లో మొదటిసారి వినిపించింది ఈయన చేతి కిందే. 1994లో సరయెవోలో, బాంబులకి కాలిపోయిన జాతీయ గ్రంథాలయం శిథిలాల్లో మోజార్ట్ రెక్వియమ్, అంటే చనిపోయినవాళ్ల కోసం పాడే ప్రార్థన. 2013లో శ్రీనగర్ షాలిమార్ బాగ్‌లో బవేరియా ఆర్కెస్ట్రాతో కచేరీ. పద్మభూషణ్ 1966లో, పద్మవిభూషణ్ 2001లో.

ఇంత ఎత్తుకి వెళ్లిన మనిషినీ న్యూయార్క్ విమర్శకులు ఆ 13 ఏళ్లూ వదల్లేదు. వారం వారం పేపర్లో మీ పని బాగాలేదని రాస్తుంటే, మర్నాడు పొద్దున పదింటికి నూరుమంది ముందు నిలబడి చెయ్యి ఎత్తాలి. మీ అబ్బాయి వీడియోల్లో అది కనిపించదు. ఇంకా కనిపించనివి: ఏడాదిలో సగం హోటళ్లు, ఊళ్లు మారే రాత్రులు, భుజాల నొప్పి, మెడ నొప్పి. అయితే ఈ వృత్తికి ఒక మంచి గుణం ఉంది, మనిషి వయసైపోయినా పనికొస్తాడు. 1927లో పుట్టిన హెర్బర్ట్ బ్లోమ్‌స్టెట్ తొంభై దాటాక కూడా కండక్ట్ చేశారు. మెహతా కూడా 2018లో జబ్బుపడి కోలుకున్నాక కుర్చీలో కూర్చుని చేశారు. కదలికలు బాగా తగ్గిపోయాయి, అయినా ఆర్కెస్ట్రాకి అంతా అర్థమైంది. మీ అబ్బాయికి ఆ వయసు వీడియోలు చూపించండి. చెయ్యి ఎంత తక్కువ కదిలితే సరిపోతుందో తెలుస్తుంది.

డబ్బు, ఉద్యోగం

మన దేశంలో పూర్తిస్థాయి వృత్తి ఆర్కెస్ట్రా అంటే ముంబైలో ఎన్‌సీపీఏ (ప్రదర్శన కళల జాతీయ కేంద్రం) దగ్గరున్న సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా, 2006లో మొదలైంది. చెన్నైలో రెహమాన్ గారు 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది, అక్కడ చదువు బాగుంటుంది. తెలుగు రాష్ట్రాల్లో నాకు తెలిసి కండక్టర్‌కి దొరికేవి కాయిర్లు, స్కూళ్లలో మ్యూజిక్ టీచర్ ఉద్యోగం, రికార్డింగులు, పరీక్షలకి పిల్లల్ని తయారుచెయ్యడం. నేను బతికింది వీటన్నిటినీ కలుపుకునే. ఒకసారి ఒక పెద్ద కార్యక్రమానికి మూడు వారాలు రిహార్సల్ చేయించి, సరిగ్గా ముందురోజు నిర్వాహకులు ఖర్చెక్కువైందని స్ట్రింగ్స్ వద్దన్నారు, కీబోర్డు ట్రాక్ పెట్టుకున్నారు. నాకు రాకపోయినా ఫర్వాలేదు, నేను పిలిచిన పద్నాలుగు మందికి నా జేబులోంచి ఇచ్చుకున్నాను. అప్పటినుంచి సగం అడ్వాన్స్ చేతిలో పడనిదే మొదటి రిహార్సల్ పెట్టను. మీ అబ్బాయి ఈ లెక్కలు కూడా నేర్చుకోవాలి, సంగీతంతోపాటే.

బయటికి వెళ్లాలంటే నేను మొదట జర్మనీ చెప్తాను. ప్రభుత్వ డబ్బుతో నడిచే ఆర్కెస్ట్రాలు అక్కడ వందకి పైగా ఉన్నాయి, చిన్న చిన్న ఊళ్లలో కూడా ఒపెరా హౌస్‌లు (పాటలతోనే నడిచే నాటకాల థియేటర్లు) ఉంటాయి. అక్కడొక పాత సంప్రదాయం ఉంది. ముందు కొరెపెటిటర్‌గా చేరతారు, అంటే ఒపెరా గాయకులు సాధన చేసుకుంటుంటే ఆర్కెస్ట్రా మొత్తాన్నీ పియానో మీద వాయించిపెట్టే ఉద్యోగం. అందులోంచి మెల్లగా చిన్న ప్రదర్శనలు చేతికొస్తాయి, తర్వాత కపెల్‌మైస్టర్, అంటే ఆ థియేటర్‌కి కండక్టర్, అవుతారు. మహా కండక్టర్ కరయాన్ లాంటివాడు కూడా ఉల్మ్ అనే చిన్న ఊరి ఒపెరా హౌస్‌లోనే మొదలయ్యాడు. మీ అబ్బాయికి కీబోర్డు వచ్చు కాబట్టి ఈ దారి అతనికి నప్పొచ్చు. కాకపోతే అసలు పియానోకి మారాలి. కీబోర్డు మీద రిథమ్ నొక్కి పాటలు వాయించడం వేరు, పియానో మీద ఇరవై వరసల స్కోరుని కుదించి వాయించడం వేరు. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ సంగీత కాలేజీలకి ట్యూషన్ ఫీజు ఉండదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో అయితే మనలాంటి బయటి దేశాలవాళ్లు సెమిస్టర్‌కి 1500 యూరోలు కట్టాలి. ఉండటానికి, తిండికి అయ్యే ఖర్చు వేరే. భాష బాగా రావాలి. ప్రవేశ పరీక్షలో పియానో వాయించమంటారు, చూడగానే చదవమంటారు, విని స్వరాలు చెప్పమంటారు, ఆ తర్వాతే చెయ్యి చూస్తారు. పరీక్షకి వచ్చేవాళ్లు ఎక్కువ, సీట్లు చాలా తక్కువ.

పోటీలు ఇంకో తలుపు. ఫ్రాన్స్‌లో బెజాన్‌సాన్ పోటీ 1959లో గెలిచి సెయిజీ ఒజావా పైకొచ్చారు. జర్మనీలోని బాంబెర్గ్‌లో మాలర్ పేరుతో జరిగే పోటీ మొట్టమొదటిసారి 2004లో పెడితే గెలిచింది గుస్తావో దుదమెల్. వాళ్లిద్దరూ పోటీకి వెళ్లేనాటికే ఆర్కెస్ట్రాల్లో నలిగినవాళ్లు. ఒక మాట మీ ఇంట్లో అమ్మాయిలుంటే వాళ్లకీ పనికొస్తుంది: చాలాకాలం ఇది మగవాళ్ల పనిగానే ఉండేది. 2007లో మేరిన్ ఆల్సప్ బాల్టిమోర్‌కి మ్యూజిక్ డైరెక్టర్ అయ్యేదాకా అమెరికాలోని పెద్ద ఆర్కెస్ట్రాల్లో ఒక్కదానికీ స్త్రీ ఆ పదవిలో లేదు. ఇప్పుడు మారుతోంది.

నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఇద్దరు

ఒక అబ్బాయి అచ్చం మీ అబ్బాయిలాగే వచ్చాడు. అద్దం ముందు రికార్డింగ్ పెట్టుకుని చేతులు ఊపేవాడు, చూడటానికి ఎంత బాగుండేదో. ఆరుగురు వయొలిన్ల ముందు నిలబెట్టాను. అతను వాళ్లు వాయించాక చెయ్యి కదుపుతున్నాడు, వాళ్లు అతని కోసం చూస్తున్నారు. వేగం తగ్గుతూ తగ్గుతూ చివరికి ఆగిపోయింది. రికార్డింగ్‌తో సాధన చేస్తే వచ్చే రోగం ఇదే. రికార్డింగ్ మిమ్మల్ని నడిపిస్తుంది, మీరు దాన్ని నడపరు. దయచేసి ఆ అలవాటు ఇవాళే మాన్పించండి. స్కోరు చూస్తూ వినడం మంచిదే, చేతులు మాత్రం కట్టుకుని వినమనండి. ఆ అబ్బాయికి వయోలా ఇచ్చి వెనక కూర్చోబెట్టాను. మొదట చిన్నబుచ్చుకున్నాడు. రెండేళ్లు వాయించాడు. ఆ తర్వాత చెయ్యి ఎత్తితే అది వేరే చెయ్యి.

ఇంకో అమ్మాయి మా కాయిర్‌కి పియానో వాయించేది. నేను జ్వరంతో పడుకున్న ఆదివారం ఆమే నిలబడి నడిపించింది. మర్నాడు కాయిర్‌వాళ్లు నాకు ఫోన్ చేసి, మీరు ఇంకో వారం రెస్ట్ తీసుకోండి సార్ అన్నారు. నాకు చాలా సంతోషమేసింది. ఆమె కాయిర్ కండక్టింగే చదువుకుని ఇప్పుడు ఇంకో నగరంలో రెండు స్కూళ్లు, ఒక చర్చి, పెద్దవాళ్ల కాయిర్ ఒకటి చూసుకుంటోంది. పెద్ద పేరు రాలేదు. ఇల్లు గడుస్తోంది, ఆమె చేతి కింద వారానికి నూట యాభై మంది పాడుతున్నారు. కాయిర్ దారిని చిన్నచూపు చూడకండి. మన ఊళ్లలో ఆర్కెస్ట్రా దొరకదు, గొంతులు మాత్రం దొరుకుతాయి.

మీకు నా సలహా ఇది. ఇంటర్ పూర్తి చెయ్యనివ్వండి. డిగ్రీ ఏదైనా సరే, దాంతోపాటు మూడేళ్లు గడువివ్వండి. ఆ మూడేళ్లలో పియానో ఎనిమిదో గ్రేడు, థియరీ ఎంత వీలైతే అంత (గ్రేడు పరీక్షలు పెట్టే బ్రిటిష్ బోర్డు ఏబీఆర్‌ఎస్‌ఎంలో ఆరో గ్రేడు, ఆపై పరీక్షలు రాయాలంటే మామూలుగా ఐదో గ్రేడు థియరీ ఉండాలి). వయోలా గానీ చెల్లో గానీ ఒకటి మొదలుపెట్టమనండి, ఎక్కడైనా వెనక కుర్చీ దొరుకుతుంది. దగ్గర్లోని కాయిర్‌లో చేర్పించండి, ఏ మతంవాళ్లదైనా సరే, పాడటానికి ఎవరూ అడ్డు చెప్పరు. జర్మన్ మొదలుపెట్టమనండి. రోజూ ఒక గంట స్కోరు: మొదట హైడెన్ క్వార్టెట్లు, అంటే నలుగురు వాయించే రచనలు, నాలుగే వరసలు. నాలుగు వరసలు తలలో వినిపించడం మొదలయ్యాక ఇరవై వరసల సంగతి చూద్దాం.

మూడేళ్ల తర్వాత కూడా అతనికి వేదిక మీద నిలబడాలన్న కోరికకన్నా ఆ స్కోరు మీద ప్రేమ ఎక్కువుంటే, అప్పుడు జర్మనీకి దరఖాస్తు పెట్టించండి, అప్పు చేసైనా సరే. అంతకుముందు ఒక పని చెయ్యండి. ఒక ఆదివారం మీ అబ్బాయిని మా రిహార్సల్‌కి తీసుకురండి. సాయంత్రం నాలుగింటికి మొదలవుతుంది. చెల్లోల వెనక ఒక కుర్చీ వేయిస్తాను. వాయించాల్సిన పని లేదు, స్కోరు చేతికిస్తాను. రెండు గంటలు ఆ కుర్చీలోంచి చూడమనండి.